మేనేజర్ గారు క్షమించిన తప్పేమిటి?

ప్రశ్న: నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంటెంట్‌గా పనిచేస్తున్నాను. మా చెల్లి పెళ్ళికి పది రోజులు సెలవు అడిగితే మా మేనేజర్ గారు వెంటనే ఇచ్చేశారు. ఆ సంతోషంలో ఆయనకి ఇంగ్లీషులో మెయిల్ రాస్తూ, 'మీ మ్యాగ్నానిమస్ స్వభావానికి కృతజ్ఞతలు' అనే అర్థం వచ్చేలా రాశాను. డిక్షనరీలో 'ఉదారమైన, పెద్ద మనసు గల' అని చూసుకునే రాశాను. మెయిల్ కాపీ అందుకున్న మా టీమ్ లీడర్ మాత్రం 'ఇంతకీ నువ్వు చేసిన తప్పేంటి? ఆయన క్షమించిందేంటి?' అని అందరి ముందూ నవ్వాడు. మేనేజర్ గారు ఏమీ అనలేదు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఆ మాటకి అసలు అర్థం ఏమిటి? రెండు లాటిన్ మాటలు కలిసి అది పుట్టిందని విన్నాను, నిజమేనా? సారీ చెబుతూ ఇంకో మెయిల్ పెట్టాలా? బ్యాంకు పరీక్షలకి కూడా చదువుతున్నాను. గైడులో ఇదీ, యునానిమస్, ప్యూసిలానిమస్, యానిమాసిటీ అన్నీ ఒకే పేజీలో ఉన్నాయి. ఒకటి గుర్తుంటే ఇంకోటి పోతోంది. చివరిగా, ఈ మాటని నా రెజ్యూమేలో నా గురించి రాసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: ముందు మీ టెన్షన్ సంగతి. సారీ మెయిల్ పెట్టకండి. మీరు రాసింది తిట్టు కాదు, వ్యాకరణ దోషమూ కాదు. మీ మేనేజర్ గారు దాన్ని చదివి, కుర్రాడు సంతోషంలో ఉన్నాడనుకుని తన పనిలో పడిపోయి ఉంటారు. ఇప్పుడు మీరు సారీ అని రాస్తే, ఆయన క్షమించాల్సిన విషయం నిజంగానే ఒకటి తయారవుతుంది. మీ టీమ్ లీడర్ అందరి ముందూ నవ్వడం బాగోలేదు గానీ, ఆయన వేలు పెట్టి చూపించిన చోటు సరైనదే. అది ఎందుకు సరైనదో తెలియాలంటే మాటను విప్పి చూడాలి.

మీరు విన్నది నిజమే. లాటిన్‌లో 'మాగ్నుస్' అంటే పెద్ద, గొప్ప. 1215లో ఇంగ్లండు రాజు జాన్ మెడలు వంచి అక్కడి ప్రభువులు ఒప్పించుకున్న మాగ్నా కార్టాలో ఉన్నది ఈ మాటే. 'అనిముస్' అంటే మనసు. మన మనసుకి ఎన్ని అర్థాలున్నాయో దానికీ అన్ని ఉన్నాయి: బుద్ధి, ధైర్యం, ఉద్దేశం, ఒక్కోసారి కోపం. ఈ రెండూ కలిస్తే 'మాగ్నానిముస్'. చివర ఉన్న 'ఉస్' అనేది ప్రథమా విభక్తి ప్రత్యయం. సంస్కృతంలో 'రామః' చివర విసర్గ చేసే పనే లాటిన్‌లో అది చేస్తుంది. రెండూ ఒకే మూలం నుంచి దిగివచ్చినవి కూడా. సమాసం చేసేటప్పుడు మొదటి పదానికున్న విభక్తి పోతుంది కాబట్టి మాగ్నుస్‌లో 'మాగ్న్' మాత్రమే మిగిలి అనిముస్‌తో కలిసింది. ఇంగ్లీషు వాళ్ళు ఈ విశేషణాన్ని పదహారో శతాబ్దంలో తీసుకుని చివర తమ పద్ధతిలో 'అస్' చేర్చుకున్నారు. ఆ గుణానికి పేరైన మ్యాగ్నానిమిటీ అంతకు ముందే ఫ్రెంచి మీదుగా వచ్చి చేరింది.

ఇక్కడి నుంచి మీకు ఇంగ్లీషు గ్రామర్ కంటే పదో తరగతి తెలుగు వాచకం ఎక్కువ పనికొస్తుంది. సమాసాల పాఠం గుర్తుందా? 'పెద్దదైన మనసు' అని విగ్రహవాక్యం చెబితే అది కర్మధారయం, అందులో మనసే ముఖ్యం. మాగ్నానిముస్ ఆ రకం కాదు. 'పెద్దదైన మనసు ఎవరికి కలదో అతడు' అని చెప్పాలి. ముక్కంటి అంటే మూడు కళ్ళు కాదు, మూడు కళ్ళున్న శివుడు. చక్రపాణి అంటే చక్రమూ కాదు, చెయ్యీ కాదు, చేతిలో చక్రమున్న విష్ణువు. లోపలున్న రెండు పదాలూ బయట ఉన్న మూడో మనిషిని చూపిస్తాయి. అన్యపదార్థ ప్రధానం అని మాస్టారు నూరిపోసింది దీన్నే. బహువ్రీహి అన్న పేరే బహువ్రీహికి ఉదాహరణ కూడా: 'బహు' అంటే ఎక్కువ, 'వ్రీహి' అంటే వడ్లు, బోలెడు వడ్లున్న ఆసామి అన్నమాట. ఇలాంటి సమాసాలకి పాశ్చాత్య భాషాశాస్త్రవేత్తలు కూడా మన వైయాకరణుల మాటనే తీసుకుని, ఇప్పటికీ తమ పుస్తకాల్లో బహువ్రీహి అనే రాస్తున్నారు.

ఈ సమాసం గొడవంతా ఎందుకంటే, మ్యాగ్నానిమస్ అనేది ఇచ్చిన వస్తువు పరిమాణాన్ని చెప్పే మాట కాదు. ఆ మనిషి ఎంతటివాడో చెప్పే మాట. సెలవు పది రోజులైనా, నెల రోజులైనా దాంతో ఈ మాటకి పని లేదు.

ఇక అర్థం. అది కాలంతో పాటు బాగా నడిచింది. మొదట్లో ఇందులో క్షమాగుణం వాసన అంతగా లేదు. గ్రీకు కవి హోమర్ తన యోధుల్ని 'మెగాథుమోస్' అంటాడు, గొప్ప తెగువ ఉన్నవాళ్ళు అని. రోమన్ కవి వర్జిల్ తన కథానాయకుడు ఈనియాస్‌ని మాగ్నానిముస్ అన్నప్పుడు ఆ హోమర్ వీరుల ఛాయ అందులో ఉంది. అంటే అక్కడ అనిముస్‌లోని ధైర్యం అన్న అర్థం ముందుకు వచ్చింది.

గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ దాన్ని ఇంకో వైపు తిప్పాడు. నీతిశాస్త్రం మీద ఆయన రాసిన ప్రసిద్ధ గ్రంథం నాలుగో భాగంలో 'మెగాలోప్సుఖియా' అనే గుణం ఉంది. 'మెగా' అంటే పెద్ద, 'ప్సుఖే' అంటే ఆత్మ. లాటిన్‌లో దీనికి సమానంగా నిలిచిపోయిన మాట మాగ్నానిమితాస్. ఆ గుణమున్న మనిషిని అరిస్టాటిల్ వర్ణించిన తీరు చదివితే మీకు నవ్వు కూడా రావచ్చు. అతను గొప్ప గౌరవానికి తాను అర్హుడినని అనుకుంటాడు, నిజంగా అర్హుడే. నెమ్మదిగా నడుస్తాడు. గొంతు గంభీరంగా ఉంటుంది, మాట తొణకదు. ఇతరులకి మేలు చేయడం ఇష్టం, ఇతరుల దగ్గర మేలు పొందాలంటే నామోషీ. తనకి జరిగిన చెడు మనసులో పెట్టుకోడు, ఎందుకంటే అలాంటివి గుర్తుపెట్టుకోవడం తన స్థాయికి తగదు. చివరి లక్షణం చూశారా? ఈనాటి ఇంగ్లీషు అర్థం మొలకెత్తింది అక్కడే. అయితే అరిస్టాటిల్ దగ్గర అది దయ నుంచి పుట్టలేదు, హోదా నుంచి పుట్టింది. నాకైతే ఆయన మనిషిలో కొంచెం ఎక్కువ దర్పమే కనిపిస్తుంది.

మనవాళ్ళు ఇదే మనిషిని చూడలేదా అంటే, చూశారు. పదో శతాబ్దపు అలంకారికుడు ధనంజయుడు దశరూపకంలో ధీరోదాత్త నాయకుడికి లక్షణాలు చెప్పాడు: మహాసత్త్వుడు, అతిగంభీరుడు, క్షమావంతుడు, తన గొప్ప తాను చెప్పుకోనివాడు, స్థిరుడు, అహంకారం ఉన్నా పైకి కనిపించనివ్వనివాడు, పట్టిన వ్రతం విడవనివాడు. ఆ 'నిగూఢాహంకారుడు' అన్న విశేషణం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. గొప్పవాడికి గర్వమే ఉండదని ధనంజయుడు బుకాయించలేదు, దాచుకుంటాడన్నాడు. అరిస్టాటిల్ గ్రంథాన్ని ఆయన చూసి రాశాడని నేననడం లేదు. మ్యాగ్నానిమస్‌కి ఒకే ఒక్క తెలుగు మాట చెప్పమంటే మాత్రం, 'ఉదారమైన' కంటే ముందు 'ధీరోదాత్తుడు' అంటాను. అందులో క్షమా ఉంది, ఎత్తూ ఉంది.

ఇప్పుడు ఇంగ్లీషువాళ్ళ వాడుకకి రండి. వాళ్ళ దగ్గర ఈ మాట ఎక్కువగా కనిపించేది యుద్ధాలూ, ఎన్నికలూ, ఆటలూ ముగిసిన తర్వాత. క్రీస్తుపూర్వం 326లో జీలం నది ఒడ్డున అలెగ్జాండర్ పోరస్‌ని, అంటే మన పురుషోత్తముణ్ణి ఓడించాడు. నిన్నెలా చూడమంటావని అడిగితే రాజులా చూడమన్నాడట. గ్రీకు చరిత్రకారుడు ఏరియన్ రాసిన ప్రకారం, రాజ్యం తిరిగి ఇవ్వడమే కాక ఇంకొంత ప్రాంతం కలిపి ఇచ్చాడు. మ్యాగ్నానిమస్ అనడానికి పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ. అదే అలెగ్జాండర్ అంతకు రెండేళ్ళ ముందు, 328లో, సమర్కండ్‌లో తాగిన మత్తులో తన ప్రాణం కాపాడిన స్నేహితుడు క్లీటస్‌నే ఈటెతో పొడిచి చంపాడన్నది వేరే సంగతి.

వేరే సంగతి అన్నాను గానీ, షేక్‌స్పియర్ ఈ రెండో సంగతినే పట్టుకున్నాడు. 1599 ప్రాంతంలో రాసిన ఐదో హెన్రీ నాటకంలో ఫ్లుయెల్లెన్ అనే వేల్స్ దేశపు సైనికాధికారి ఉంటాడు. అతని నోట 'బ' పలకదు, 'ప' వస్తుంది. 'అలెగ్జాండర్ ది బిగ్' అనబోయి 'అలెగ్జాండర్ ది పిగ్' అంటాడు. పందిని చేసేశాడన్నమాట. పక్కనున్న ఇంగ్లీషు అధికారి 'ది గ్రేట్' అంటారయ్యా అని సరిదిద్దితే ఒప్పుకోడు. పిగ్ అన్నా, గ్రేట్ అన్నా, మైటీ అన్నా, హ్యూజ్ అన్నా, మ్యాగ్నానిమస్ అన్నా లెక్క ఒకటే, మాట కొంచెం మారిందంతే అని దబాయిస్తాడు. తర్వాత క్లీటస్ హత్య కూడా అతనే ఎత్తుతాడు. నాలుగు వందల ఏళ్ళ కిందటే పర్యాయపదాల జాబితాని గుడ్డిగా నమ్మేవాళ్ళ మీద పడ్డ జోకు అది. మీ గైడు రాసినాయన కూడా ఫ్లుయెల్లెన్ చుట్టమే. ఉదారమైన, దయగల, గొప్ప, విశాలమైన అని వరసగా పెట్టేసి లెక్క ఒకటే అన్నాడు.

ఇంకో ఉదాహరణ, ఇంగ్లీషు చరిత్ర పుస్తకాల్లో ఈ మాట తప్పనిసరిగా తగిలే చోటు. 1865 ఏప్రిల్ 9న అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని ఆపోమాటాక్స్ అనే చోట దక్షిణాది సేనాపతి లీ, ఉత్తరాది సేనాపతి గ్రాంట్‌కి లొంగిపోయాడు. నాలుగేళ్ళ అంతర్యుద్ధం, లక్షల మంది చనిపోయారు. గ్రాంట్ ఎవరినీ ఖైదు చేయలేదు. మళ్ళీ ఆయుధం పట్టబోమని మాట తీసుకుని ఇళ్ళకి పంపించేశాడు. అధికారుల పక్క ఆయుధాలు వాళ్ళకే వదిలేశాడు. సొంత గుర్రమో కంచర గాడిదో ఉన్న సైనికుల్ని వాటిని తీసుకుపోనిచ్చాడు, వసంతకాలం దున్నకాలకి అవి కావాలని. ఆకలితో ఉన్న లీ సైన్యానికి 25,000 మందికి సరిపడా తిండి పంపే ఏర్పాటు చేశాడు. గెలిచిన సంబరంలో తన వాళ్ళు ఫిరంగులు పేలుస్తుంటే ఆపించాడు.

మనకి ఇంకా దగ్గరగా కావాలంటే క్రికెట్ ఉంది. 1980 ఫిబ్రవరిలో బొంబాయి వాంఖడే స్టేడియంలో ఇంగ్లండుతో జరిగిన గోల్డెన్ జూబిలీ టెస్టుకి గుండప్ప విశ్వనాథ్ కెప్టెన్. బాబ్ టేలర్ వికెట్ కీపర్ చేతికి చిక్కాడని అంపైర్ వేలెత్తాడు. బంతి బ్యాట్‌కి తగలలేదని స్లిప్పులో ఉన్న విశ్వనాథ్‌కి తెలుసు. అంపైర్‌తో మాట్లాడి టేలర్‌ని వెనక్కి పిలిపించాడు. టేలర్ క్రీజులో పాతుకుపోయి బోథమ్‌తో పెద్ద భాగస్వామ్యం నెలకొల్పాడు, ఇండియా ఆ టెస్టు పది వికెట్ల తేడాతో ఓడిపోయింది. నిబంధన విశ్వనాథ్ వైపే ఉంది, అంపైర్ కూడా ఆయన వైపే. అయినా వదిలేశాడు.

చర్చిల్ తన రెండో ప్రపంచయుద్ధ చరిత్రకి ముందు పెట్టుకున్న నాలుగు సూత్రాల్లో కూడా మ్యాగ్నానిమిటీని సరిగ్గా విజయం పక్కనే పెట్టాడు. మాట వాడుక ఆయనకి బాగా తెలుసు. ఆ గుణం మన పట్ల ఏ మాత్రం చూపించాడో 1943 బెంగాల్ కరువు గురించి చదివినవాళ్ళకి తెలుసు.

ఈ ఉదాహరణలన్నిటిలో ఉన్న పరిస్థితి చూడండి. ఒకరి చెయ్యి పైన ఉంది. ఎదుటివాడు శత్రువో, పోటీదారో, అపకారం చేసినవాడో. కక్ష తీర్చుకోవచ్చు, అవకాశం వాడుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. అయినా వదిలేశారు. మ్యాగ్నానిమస్ అనగానే ఇంగ్లీషు బాగా చదివినవాడి మనసులో ఈ బొమ్మంతా కదులుతుంది. మీ సెలవు విషయంలో మీరు ఆయనతో పోట్లాడలేదు, ఆయన్ని మోసం చేయలేదు. అందుకే మీ టీమ్ లీడర్ 'తప్పేంటి?' అన్నాడు.

మరి మీరెందుకు అటు వెళ్ళారు? తెలుగు వల్ల. మన 'పెద్ద మనసు' చాలా విశాలమైన మాట. 'పెద్ద మనసు చేసుకుని ఈసారికి వదిలేయండి' అంటాం, అక్కడ అది మ్యాగ్నానిమస్‌తో సరిగ్గా కలుస్తుంది. 'పెద్ద మనసు చేసుకుని చందా ఇవ్వండి' అని కూడా అంటాం, అక్కడ కలవదు. సెలవు మంజూరు చేసిన పెద్ద మనసు ఈ రెండో రకం. డిక్షనరీ మీకు రెంటికీ కలిపి ఒకే తెలుగు మాట ఇచ్చింది, మీరు దాన్ని పట్టుకుని వెనక్కి నడిచారు. పెద్ద విరాళాలిచ్చిన వాళ్ళని మ్యాగ్నానిమస్ అనడం మన దేశపు ఇంగ్లీషు పేపర్లలో కనిపిస్తూనే ఉంటుంది, కాబట్టి మీరు ఒంటరివారు కారు.

సెలవుకి 'జెనరస్' లేదా 'కైండ్' సరిపోయేది. ఊళ్ళో బడికి నాలుగు గదులు కట్టించిన దాత గురించి రాస్తుంటే 'మ్యూనిఫిసెంట్' ఉంది. అది కూడా లాటిన్ సమాసమే: 'మునుస్' అంటే కానుక, 'ఫాకెరె' అంటే చేయడం. చేతికి ఎముక లేనివాడు అంటామే, అతనికి ఈ మాట. అందరి మేలూ కోరేవాడు 'బెనవలెంట్', 'బెనె' అంటే మంచి, 'వోలెన్స్' అంటే కోరేవాడు. జెనరస్ మాత్రం సమాసం కాదు, 'గెనుస్' అంటే వంశం, దాని నుంచి వచ్చింది. మొదట్లో దాని అర్థం గొప్పింట్లో పుట్టినవాడు అని. ఇచ్చే గుణం గొప్పింటివాళ్ళకే ఉంటుందన్న ఆ కాలపు నమ్మకం ఆ మాటలో మిగిలిపోయింది.

నిజం చెప్పాలంటే ఆఫీసు మెయిల్‌కి ఇవేవీ అక్కర్లేదు. 'సెలవు ఇచ్చినందుకు థాంక్స్, ఫలానా తేదీ లోపల నెలాఖరు లెక్కలు పూర్తిచేసి వెళ్తాను' అన్న అర్థంలో రెండు వాక్యాలు రాసి ఉంటే మేనేజర్ గారు మొదటి వాక్యం కంటే రెండోదానికి ఎక్కువ సంతోషించేవారు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. మనం 'అబ్బో, మహానుభావా!' అన్నప్పుడు అది పొగడ్తో వెటకారమో గొంతును బట్టి తెలుస్తుంది. ఇంగ్లీషులో మ్యాగ్నానిమస్‌కీ ఆ జబ్బు ఉంది. చిన్న పనికి ఆ పెద్ద మాట వాడితే దెప్పినట్టు ఉంటుంది. మెయిల్‌లో గొంతు వినబడదు.

ఇక పరీక్ష. మీరు చెప్పిన మాటల్లో అనిముస్ అన్నిటిలోనూ ఉంది కాబట్టి, దాన్ని పక్కన పెట్టి ముందున్న ముక్కని మాత్రం చూడండి.

యునానిమస్‌లో ముందున్నది 'ఊనుస్', ఒకటి అని. అందరిదీ ఒకే మనసు. ఏకగ్రీవం అని చదువుకుంటాం. సరిగ్గా ఇక్కడే మనవాళ్ళు పడిపోతారు. సర్పంచ్ పదవికి ఒకే ఒక్క నామినేషన్ మిగిలితే తెలుగు పేపరు 'ఏకగ్రీవం' అంటుంది. మంచి ఇంగ్లీషులో దాన్ని 'అనపోజ్డ్' అనాలి, పోటీ లేకుండా అని. యునానిమస్ అంటే ఓటో అభిప్రాయమో అడిగినప్పుడు అందరూ ఒకే మాట చెప్పడం. పోటీ చేయాలనుకున్నవాణ్ణి రాత్రికి రాత్రి కూర్చోబెట్టి విత్‌డ్రా చేయించినా తెలుగులో ఏకగ్రీవమే అవుతుంది, యునానిమస్ మాత్రం కాదు.

ప్యూసిలానిమస్‌లో 'పుసిల్లుస్' ఉంది, బుల్లి అని. బుల్లి మనసున్నవాడు. గైడులో 'పిరికి' అని ఉంటుంది, పరీక్షకి అది చాలు. కానీ ఇది పులిని చూసి పారిపోయే పిరికితనం కాదు. పదమూడో శతాబ్దపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వైనస్ దీన్ని మ్యాగ్నానిమిటీకి ఎదురుగా నిలబెట్టి విడమరిచాడు: తనకి శక్తి ఉండి కూడా, నా వల్ల ఏమవుతుందిలే అని వెనక్కి తగ్గడం. వ్యాపారం చేయమని యజమాని ఇచ్చిన డబ్బుని భయంతో భూమిలో పాతిపెట్టిన బైబిలు సేవకుణ్ణి ఉదాహరణగా చూపించాడు. చదివీ చదివీ అప్లికేషన్ పెట్టకుండా మానేసేవాళ్ళకి ఈ మాట బాగా అతుకుతుంది. మీరు పెట్టారనే అనుకుంటున్నాను.

ఈక్వనిమిటీలో 'ఐక్వుస్', సమానం. లాభానికీ నష్టానికీ తొణకని మనసు, గీతలో చెప్పిన సమత్వం. యానిమాసిటీ దగ్గర జాగ్రత్త. ఇది సమాసం కాదు, అనిముస్‌కి ప్రత్యయాలు చేరితే వచ్చింది. లాటిన్‌లో 'అనిమోసుస్' అంటే ఉత్సాహం నిండినవాడు, ధైర్యవంతుడు. ఇంగ్లీషులోకి వచ్చాక ఆ పౌరుషం పగగా మారింది. ఇంగ్లీషులో ఉత్త 'యానిమస్' అన్నా శత్రుభావమే. కోర్టుల్లో మాత్రం దానికి పాత అర్థం, ఉద్దేశం అన్నది, చెక్కుచెదరలేదు. భూమి తగాదాల్లో లాయర్లు 'ఆనిమస్ పొసిడెండీ' అంటే, ఆ స్థలాన్ని సొంతం చేసుకోవాలన్న ఉద్దేశం అని. కాబట్టి ముక్కలు విడగొట్టడం జ్ఞాపకానికి బాగా పనికొస్తుంది గానీ, ఇవాళ్టి అర్థాన్ని వాక్యాల్లో చూసి రూఢి చేసుకోవాల్సిందే.

ముందు ముక్క విషయంలో కూడా ఒక వల ఉంది. మ్యాగ్నిఫిసెంట్, మ్యాగ్నిట్యూడ్, మ్యాగ్నేట్, వీటన్నిటిలో మాగ్నుస్ ఉంది. మ్యాగ్నెట్‌లో లేదు. అది గ్రీకుల మాగ్నీసియా అనే ప్రాంతం పేరు, మెగ్నీషియమూ అక్కడిదే. మ్యాగ్నోలియా పువ్వుకి పియర్ మాన్యోల్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త పేరు పెట్టారు.

గుర్తుపెట్టుకోవడానికి మీకు మన వర్ణమాలలోనే ఒక ఆధారం ఉంది. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉంటాయని ప్రసంగించాడు. ఆ చుట్టరికం ప్రకారం లాటిన్ మాగ్నుస్, సంస్కృత 'మహత్' ఒకే కుటుంబం. అనిముస్‌కి ఊపిరి పీల్చడం అనే అర్థమున్న 'అన్' ధాతువు చుట్టం. గాలికి అనిలం అన్న పేరు ఆ ధాతువుదే, ప్రాణం కూడా ఆ ధాతువుదే. కాబట్టి మాగ్నానిముస్‌ని ముక్కకి ముక్కగా సంస్కృతంలో పేరిస్తే వచ్చేది మహాత్ముడు కాదు, ఎందుకంటే ఆత్మ వేరే మూలం నుంచి వచ్చింది. వచ్చేది 'మహాప్రాణం'. ఒకటో తరగతిలో మనం దిద్దిన ఖ, ఘ, ఛ, ఝ మహాప్రాణాలు, ఊపిరి ఎక్కువ పట్టే అక్షరాలు. క, గ, చ, జ అల్పప్రాణాలు. ప్యూసిలానిమస్ అంటే అల్పప్రాణి. మనం కూడా ఆ మాటని బక్కప్రాణి అన్న జాలితో వాడతాం కదా, కాస్త సాగదీస్తే పరీక్ష హాల్లో పనికొస్తుంది. వ్యాకరణంలో మహాప్రాణానికి క్షమాగుణంతో ఏ సంబంధమూ లేదు, ఇది జ్ఞాపకానికి వేసిన ముడి మాత్రమే. పైగా ఈ చుట్టరికం మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలకే. తెలుగు ద్రావిడ భాష అనీ, సంస్కృతం నుంచి పుట్టింది కాదనీ మద్రాసులో ఎల్లిస్ దొర 1816లోనే ఆధారాలతో చూపించాడు. 'పెద్ద' అన్న మాటని లాటిన్‌కి ముడిపెట్టే ప్రయత్నం చేయకండి.

పలకడం కూడా ఒకసారి సరిచూసుకోండి. మ్యాగ్నానిమస్‌లో ఊనిక రెండో అక్షరం 'నా' మీద పడాలి, మొదటి 'మ్యా' మీద కాదు. యునానిమస్‌లోనూ అంతే. ఇంటర్వ్యూలో మొదటి అక్షరం నొక్కి పలికితే వినేవాళ్ళకి ఒక్క క్షణం ఏ మాటో అర్థం కాదు.

చివరికి మీ రెజ్యూమే. రాయకండి. ఈ మాట ఎప్పుడూ ఎదుటివాళ్ళు మన గురించి అనాల్సిందే. నేను మ్యాగ్నానిమస్ అని రాసుకున్నవాణ్ణి చూడగానే, ఇతను ఎవరెవర్ని క్షమించి వచ్చాడో అని ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి అనుమానం వస్తుంది. ధనంజయుడు కూడా తన గొప్ప తాను చెప్పుకోకూడదనే షరతు పెట్టాడు. ఆ లైను ఖాళీగా ఉంటుందనిపిస్తే ట్యాలీలో ఎన్నేళ్ళ అనుభవం ఉందో, జీఎస్టీ రిటర్నులు మీ చేతి మీదుగా ఎన్ని వెళ్ళాయో రాయండి.